పలకని పళ్ళెం

ఖమ్మం నుండి సూర్యాపేటకు పోయే దారిలో కూసుమంచి ఉంది. కాకతీయుల కాలంలో వెలసిన గణపేశ్వరాలయం ఆ ఊరికి పేరు తెచ్చింది. పాలేరు జలాశయం ఆ మండలంలోనిదే. సమీపాన ఉన్న నేలకొండపల్లి కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. 17వ శతాబ్దంలో భద్రాచల రాముని కొలిచి రామదాసుగా ప్రసిద్ధుడైన ఆ భక్తుని కీర్తనలు అచ్చుయంత్రం ఎరుగని రోజులలో నోటి నుండి నోటికి ప్రాకి, భజన మండళ్ళలో నిలిచి, 20వ శతాబ్దంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గళం ద్వారా ఆకాశవాణికీ, గ్రామఫోను రికార్డులకూ ఎక్కాయి. రాయి మీద శాసనం, తాటాకు మీద కావ్యం, రాగిరేకు మీద సంకీర్తన, మైనపు పళ్ళెం మీద పాట, అయస్కాంతపు టేపు మీద పాట. ఈ వరుసలో కాంతితో చదివే పళ్ళెం ఒకటి. దానినే కాంపాక్ట్ డిస్క్ అనీ, వాడుకలో సి.డి. అనీ అంటారు.

కూసుమంచిలో ఒక ఇంటిని ఊహించుకొందాం. ఆ ఇంటి పెద్దావిడ పెళ్ళిపాటలూ, రామదాసు కీర్తనలూ, బతుకమ్మ పాటలూ ఎరిగిన మనిషి. ఆమె బ్రతికి ఉండగా కొడుకు ఆమె పాటలను టేపురికార్డరులో పట్టాడు. 2000 దశకంలో ఖమ్మంలోని ఒక దుకాణంలో ఆ క్యాసెట్టును సి.డి.గా మార్పించారు. క్యాసెట్టు మీద తరువాత ఎవరో సినిమా పాటలు ఎక్కించారు. ఆమె సంవత్సరీకం నాడు మనుమడు ఆ సి.డి.ని పెట్టెలో నుండి తీసి యంత్రంలో పెట్టాడు. యంత్రం రెండుమూడు సార్లు లోలోపల టిక్కుటిక్కుమని, పళ్ళెం లేదని చెప్పే రెండు ఆంగ్ల పదాలను తెరమీద చూపి ఊరుకున్నది. పళ్ళెం అక్కడే ఉన్నది. యంత్రానికి మాత్రం అది కనబడలేదు.

ఇటువంటి సందర్భంలో సామాన్యంగా జరిగేది యంత్రం నెత్తిన ఒక చరుపు చరచడం. దానివల్ల ప్రయోజనం లేకపోగా కీడు కలిగే అవకాశమే ఎక్కువ. యంత్రం చదవడమంటే ఏమిటో తెలిస్తే, అది ఎందుకు చదవలేకపోయిందో వెదకడానికి దారి దొరుకుతుంది.

సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి రూపొందించిన ఈ పళ్ళేలను చదివే తొలి యంత్రం 1982 అక్టోబరు 1న జపానులో అమ్మకానికి వచ్చింది. పళ్ళెం అడ్డుకొలత 120 మిల్లీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో దాదాపు మందమంతా పాలీకార్బొనేట్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్కే. దాని పైముఖాన సన్నని అల్యూమినియం పూత, ఆ పూత మీద రక్షణగా ఒక పలుచని లక్క వంటి పొర, ఆపైన పేర్లు అచ్చువేసిన రంగు ఉంటాయి. ప్లాస్టిక్కులో నొక్కిన అతి సూక్ష్మమైన గుంటలలోనే పాట దాగి ఉంటుంది. గుంట వెడల్పు అర మైక్రోమీటరుకు కాస్త ఎక్కువ. అంటే మిల్లీమీటరును రెండువేల భాగాలు చేస్తే ఒక భాగమంత. ఈ గుంటలు పాము చుట్టలాగా ఒకే వరుసగా, ఒక చుట్టుకూ మరొక చుట్టుకూ 1.6 మైక్రోమీటర్ల ఎడంతో సాగుతాయి. తలవెంట్రుక ఒకటి ఆ పళ్ళెం మీద పడితే దాని కింద నలభైకి పైగా చుట్లు మరుగుపడతాయి. ఆ చుట్టను విప్పి నేలమీద పరచగలిగితే అయిదు కిలోమీటర్లు దాటుతుంది.

గ్రామఫోను రికార్డుకూ దీనికీ గుర్తుంచుకోవలసిన భేదం ఒకటున్నది. గ్రామఫోను ముల్లు అంచు నుండి లోపలికి నడుస్తుంది. సి.డి. లోపలి నుండి అంచుకు నడుస్తుంది. అన్నిటికంటె లోపలి చుట్లలో పాటలు ఉండవు. ఎన్ని పాటలున్నాయో, ఏ పాట ఎక్కడ మొదలవుతుందో తెలిపే విషయసూచిక ఉంటుంది. యంత్రం మొట్టమొదట చదివేది దానినే. అందుచేత పళ్ళెం నడిమి రంధ్రానికి దగ్గరగా ఒక మరక పడితే పాటలన్నీ చెక్కుచెదరక ఉన్నా యంత్రం పళ్ళెమే లేదంటుంది. అదే మరక అంచున పడితే చివరి పాటలు మాత్రమే తడబడతాయి. యంత్రం ఏ విధంగా తప్పుతున్నదో గమనిస్తే తప్పు ఎక్కడున్నదో కొంత ముందే ఊహించవచ్చునన్నమాట.

చదివే పని కాంతిది. యంత్రంలో పళ్ళెం కింద ఒక చిన్న లేజరు, దాని మీద కందిగింజకు కాస్త పెద్దదైన కటకం ఉంటాయి. ఈ లేజరు కాంతి తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు. అది పరారుణ కాంతి. మనిషి కంటికి దాదాపు కనబడదు. కటకం ఆ కాంతిని ప్లాస్టిక్కు గుండా పంపి గుంటలున్న తలం మీద బిందువుగా కేంద్రీకరిస్తుంది. గుంట లోతు ప్లాస్టిక్కులో ఆ కాంతి తరంగదైర్ఘ్యానికి ఇంచుమించు నాలుగో వంతు. గుంట మీద పడి వచ్చే కాంతి, చుట్టూ ఉన్న సమతలం మీద పడి వచ్చే కాంతి కంటె పోయేటప్పుడు నాలుగో వంతు, వచ్చేటప్పుడు నాలుగో వంతు, వెరసి సగం తరంగం ముందుంటుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి హరించుకోగా తిరిగివచ్చే వెలుగు తగ్గుతుంది. సమతలం వద్ద వెలుగు, గుంట వద్ద మసక. గుంట అంటే సున్న, మిట్ట అంటే ఒకటి అని చాలామంది పొరపడతారు. నిజానికి వెలుగు మసకగానో, మసక వెలుగుగానో మారే అంచు ఒకటికి గుర్తు. మార్పు లేని జాగా సున్నలకు గుర్తు. కుడి ఎడమ ధ్వనులను ఒక్కొక్కదాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 ద్విసంఖ్యాంకాలుగా రాసిన రాత ఇది. లెక్కవేస్తే సెకనుకు 14 లక్షల పైచిలుకు అంకాలవుతాయి.

ఇంత సన్నని రాతను మానవ గృహాలలో, అందునా తెలుగునాట దుమ్ములో చదవడం ఎలా సాధ్యమైంది? ఇందులో రెండు ఉపాయాలున్నాయి. మొదటిది కాంతి శాస్త్రానికి సంబంధించినది. లేజరు కాంతి గుంటల మీద బిందువుగా ఉన్నా, ప్లాస్టిక్కు అడుగు ముఖంలో ప్రవేశించే చోట ముప్పాతిక మిల్లీమీటరు వెడల్పున పరచుకొని ఉంటుంది. అక్కడి చిన్న ధూళికణం కిటికీ అద్దం మీది ఈగ వంటిది. దూరాన ఉన్న గుడిగోపురాన్ని చూచేవానికి ఈగ అడ్డురాదు.

రెండవది గణితానికి సంబంధించినది. దీనిని గ్రహించడం పద్యవిద్య ఎరిగిన తెలుగువారికి సులభం. శిథిలమైన తాటాకు ప్రతిని పరిష్కరించే పండితునికి ఒక వృత్తపద్యంలో చెదపురుగు తిన్న అక్షరం ఎదురయిందనుకొందాం. అది ప్రాసస్థానంలోనిదైతే మిగిలిన మూడు పాదాలలోని రెండవ అక్షరం చూచి ఆ హల్లు ఏదో చెప్పగలడు. యతిస్థానంలోనిదైతే పాదం మొదటి అక్షరం దాని ఆనుపానులు చెబుతుంది. గణం గురువో లఘువో చెబుతుంది. కవి పద్యానికి విధించుకున్న నియమమే పోయిన అక్షరానికి జామీను. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టేవ్ సాలమన్ అనే ఇద్దరు అమెరికా గణితవేత్తలు ప్రతిపాదించిన సంకేత పద్ధతి ఈ కోవకు చెందినదే. పాట అంకాలతో పాటు వాటి నుండి లెక్కించిన అదనపు అంకాలను కూడా పళ్ళెంలో రాస్తారు. కొన్ని చెడితే తక్కిన వాటి నుండి పోయినవాటిని యంత్రం లెక్కకట్టుతుంది. అంతటితో ఆగక, పక్కపక్కన ఉండవలసిన అంకాలను విడదీసి దూరదూరంగా చల్లుతారు. ఒక గీత ఒకచోట గుంటలను చెరిపినా, ఆ నష్టం ఒకే మాటకు తగలక అనేక మాటలకు కొంచెం కొంచెంగా పంచబడుతుంది. చుట్టు వెంబడి సుమారు రెండున్నర మిల్లీమీటర్ల దాకా రాత పూర్తిగా చెడినా ఈ పద్ధతిలో లోపం లేకుండా పాట తిరిగివస్తుంది. వాయేజర్ నౌక యురేనస్, నెప్ట్యూన్ గ్రహాల నుండి పంపిన చిత్రాలను కాపాడినదీ ఈ సంకేత పద్ధతియే.

ఇప్పుడు కూసుమంచి ఇంటికి వద్దాం. మనుమడు చేయవలసిన మొదటి పని యంత్రాన్ని విప్పడం కాదు, ఆ పళ్ళేన్ని తోమడం కూడా కాదు. చక్కగా పాడుతుందని తెలిసిన మరొక పళ్ళేన్ని, అందులోనూ దుకాణంలో కొన్న పాటల పళ్ళేన్ని, ఆ యంత్రంలో పెట్టాలి. అది పాడితే యంత్రం నిర్దోషి. అదీ పాడకపోతే దోషం యంత్రానిది. వైద్యుడు రోగం ఎవరిదో తేల్చుకొని కదా మందు ఇవ్వాలి! ఈ చిన్న పరీక్ష చేయక మంచి యంత్రాలను మూలపడవేసినవారు, మంచి పళ్ళేలను పారవేసినవారు ఎందరో ఉన్నారు.

దోషం పళ్ళేనిదైతే దానిని వెలుతురులో పట్టి చూడాలి. వేలిముద్రలు, నూనె మరకలు, దీపపు మసి సాధారణంగా కనబడే శత్రువులు. మెత్తని శుభ్రమైన నూలుగుడ్డను నీటితో తడిపి, నడిమి నుండి అంచువైపు తిన్నగా తుడవాలి. కంచం తోమినట్లు గుండ్రంగా తుడవరాదు. ఇది ఆచారం కాదు, దీనికి కారణమున్నది. గుడ్డలో ఇసుకరేణువు ఉండి గీత పడిందనుకొందాం. నడిమి నుండి అంచుకు పడిన గీత ఒక్కొక్క చుట్టును ఒక్క చిటికెలో దాటిపోతుంది. గణితం ఆ లోటును పూడ్చుతుంది. గుండ్రంగా పడిన గీత చుట్టు వెంబడే సాగి ఒకే చోట మిల్లీమీటర్లకొలది రాతను మింగుతుంది. అంత లోటును యతిప్రాసలైనా పూడ్చలేవు. కిరోసిను, పెట్రోలు, గోళ్ళరంగు తుడిచే ద్రవం వంటివి ప్లాస్టిక్కును మసకబరుస్తాయి గనుక వాటి జోలికి పోరాదు. గీతలు పడిన చోట పళ్ళపొడి ముద్దతో రుద్దే చిట్కా ఒకటి ప్రచారంలో ఉన్నది. లోతులేని గీతల విషయంలో అది కొంతవరకు పనిచేస్తుంది. అయితే మరో ప్రతి లేని పళ్ళెం మీద దానిని ప్రయోగించడం సాహసం.

మెరిసే ముఖం సున్నితమైనదని భావించి దానిని పైకి ఉంచి, పేర్లున్న ముఖాన్ని బల్లమీద ఆనించేవారు పెక్కుమంది. వాస్తవం దీనికి విరుద్ధం. మెరిసే ముఖానికి మిల్లీమీటరుకు మించిన ప్లాస్టిక్కు కవచం ఉన్నది. పేర్లున్న ముఖానికి అడుగున రాతా, అద్దపు పూతా కాగితం కంటె పలుచని పొరకు దిగువనే ఉన్నాయి. గట్టి మొనగల కలంతో దాని మీద పేరు రాస్తే ఆ మొన పాటనే గీరుతుంది. పళ్ళేన్ని దీపానికి అడ్డంపెట్టి చూచినప్పుడు సూదిబెజ్జాల వంటి వెలుగు చుక్కలు కనబడితే అక్కడ అద్దపు పూత ఊడిందని అర్థం. ఊడిన పూతకు వైద్యం లేదు.

దుకాణాలలో నకలు తీసిన పళ్ళేల సంగతి వేరు. వాటిలో నొక్కిన గుంటలు ఉండవు. ఒక రంగుపొర ఉంటుంది. లేజరు ఆ పొరను అక్కడక్కడ కాల్చి గుంటల వంటి మచ్చలు చేస్తుంది. తేరిపార చూస్తే రాత ఉన్నంత మేర ఒక ఛాయ, రాత లేని మేర మరొక ఛాయ కనబడుతుంది. ఆ రంగు ఎండకూ, వేడికీ క్రమంగా వెలిసిపోతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఖమ్మం ప్రాంతంలో కిటికీ పక్కన బోర్లించిన సి.డి. గతి వేరే చెప్పనక్కరలేదు. చెరిపి మళ్ళీ రాసుకొనే రకం పళ్ళేలు కాంతిని చాలా తక్కువగా తిప్పి పంపుతాయి; పాత యంత్రాలు వాటిని గుర్తించనే లేవు. పాటలను ఎమ్.పి.3 రూపంలో రాసిన పళ్ళెం, నకలు తీసినవాడు చివరి విషయసూచిక రాయకుండా వదిలివేసిన పళ్ళెం కూడా ఇటువంటివే. వాటిలో చెడినదేమీ లేదు, చదివే యంత్రానికి ఆ లిపి రాదు. నాగరి చదవగలవాడు గ్రంథలిపి ముందు నిలిచినట్లు ఆ యంత్రం తెల్లమొగం వేస్తుంది.

తేమ సంగతి కూడా చెప్పుకోవాలి. 2001లో బెలీజ్ దేశం నుండి వచ్చిన ఒక సి.డి.లో జియోట్రైకమ్ అనే బూజు పెరిగి అల్యూమినియం పూతను తిన్నట్లు స్పెయిన్ శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఇటువంటివి అరుదు. అడవి అంచు ఊళ్ళలో వానకాలపు తేమ చేసే హాని మరొక విధంగా ఉంటుంది. చల్లని గదిలో నుండి ఉక్కపోసే గదిలోకి తెచ్చిన యంత్రంలో కటకం మీద సన్నని ఆవిరి పేరుకుంటుంది. అద్దాలు పెట్టుకున్నవారికి టీ తాగేటప్పుడు ఎదురయ్యే అవస్థ ఇదే. గంటో రెండు గంటలో పళ్ళెం పెట్టకుండా యంత్రాన్ని ఊరక ఉంచితే ఆవిరి ఆరి, యంత్రం తనంతట తానే దారికి వస్తుంది.

ఏ పళ్ళెం పెట్టినా పాడని యంత్రంలో అన్నిటికంటె తరచుగా కనబడే కారణం కటకం మీది దుమ్ము. వంటింటి పొగ, అగరువత్తుల మసి కటకం మీద పొరగట్టి వెలుగును సగం మింగుతాయి. పళ్ళెం పెట్టగానే చాలా యంత్రాలలో కటకం రెండుమూడు సార్లు పైకీ కిందికీ కదిలి, ఏ ఎత్తున వెలుగు స్పష్టంగా తిరిగివస్తుందో వెదకుకుంటుంది. ఇంతకు మునుపు విన్న టిక్కుటిక్కు శబ్దం అదే. తిరిగే పళ్ళెం అర మిల్లీమీటరు వరకు పైకీ కిందికీ ఊగవచ్చు. కటకానికీ రాతకూ మధ్య దూరంలో మాత్రం ఒకటి రెండు మైక్రోమీటర్లకు మించి తేడా రాకూడదు. తగిన వెలుగు తిరిగిరాకపోతే యంత్రం పళ్ళెం లేదనే నిర్ణయానికి వస్తుంది. కటకాన్ని తుడవదలచినవారు మొదట విద్యుత్ తీగను గోడ నుండి ఊడదీయాలి. దూది చుట్టిన పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపి, పసిపిల్ల కనురెప్ప తుడిచినంత మెల్లగా తాకాలి. కటకం వెంట్రుకల వంటి సన్నని ఆధారాల మీద నిలిచి ఉంటుంది. నొక్కితే అవి వంగిపోతాయి. చొక్కా అంచుతో తుడవడం మహాపచారం. యంత్రానికి కరెంటు ఉండగా మూత తెరచి కటకం వైపు కన్ను పెట్టి చూడరాదు. కనబడని కాంతి గనుక కన్ను మూసుకోవాలని తోచదు. ప్రమాదమంతా అందులోనే ఉన్నది.

కటకం శుభ్రమైనా పళ్ళెం తిరగకపోతే తిప్పే మోటారును, మొదటి పాట పాడి నడుమ ఆగిపోతే కటకపు బండి జరిగే పట్టాల మీద గట్టిపడిన గ్రీజును అనుమానించాలి. చీమలు పెట్టిన గుడ్లు, బల్లి కళేబరం బయటపడిన యంత్రాలు మరమ్మతు చేసేవారికి కొత్త కాదు. వీటన్నిటి తరువాత మిగిలేది లేజరు వార్ధక్యం. ఏళ్ళు గడిచేకొద్దీ లేజరు వెలుగు క్షీణిస్తుంది. కొందరు మెకానిక్కులు లోపలి చిన్న మరను తిప్పి దానికి ఎక్కువ విద్యుత్తు అందేటట్లు చేస్తారు. ఆ రోజుకు యంత్రం పాడుతుంది, యజమాని సంతోషిస్తాడు. ఆరిపోబోయే దీపానికి వత్తి పెంచడం వంటిదే ఆ చికిత్స. లేజరు మరింత త్వరగా అస్తమిస్తుంది.

కూసుమంచి ఇంటి మనుమడు కొన్న పాటల పళ్ళెం పెట్టి చూడగా అది చక్కగా పాడింది. దోషం నాయనమ్మ పళ్ళేనిదని తేలింది. తుడిచినా ఫలితం లేదు. దుకాణం వాడు పైన అతికించిన జిగురు కాగితం ఒక అంచున తేమకు ముడుచుకొని, లేస్తూ లేస్తూ కింది పూతను కొంత తనతో పాటు లేపింది. ఇక్కడ తొందరపడి ఆ కాగితాన్ని పీకితే పాటలు దానితోనే వస్తాయి. దానిని ముట్టకపోవడమే మేలు. యంత్రం చదవని పళ్ళేన్ని కంప్యూటరులోని డ్రైవ్ చదవడం కద్దు. అది పాట పాడవలసిన తొందర లేనిది. తప్పిన చోటనే వేగం తగ్గించి పదేపదే చదివి చూడగలదు. ఒక డ్రైవ్ చదవనిది మరొకటి చదువుతుంది. అందుచేత రెండుమూడు చోట్ల ప్రయత్నించాలి. చదవగలిగిన మరుక్షణమే వినడానికి కూర్చోక నకలు తీయాలి. ఎందుకంటే ఆ పళ్ళెం మరొకసారి తిరగడానికి అంగీకరిస్తుందన్న హామీ లేదు.

తిరుమలలో తాళ్ళపాక కవుల సంకీర్తనలను చెక్కిన రాగిరేకులు రెండు వేలకు పైబడినవి శతాబ్దాల పాటు సంకీర్తన భాండారమనే చిన్న అరలో చీకటిలో ఉండి, 20వ శతాబ్దంలో పండితుల చేతికి వచ్చాయి. వాటిని చదవడానికి కన్ను, వెలుగు, లిపిజ్ఞానం చాలాయి. ఈ పళ్ళేన్ని చదవడానికి యంత్రం కావాలి. కొత్త కంప్యూటర్లలో పెక్కింటికి ఆ డ్రైవే లేదు. మనుమడు పాత కంప్యూటరున్న మిత్రుని ఇంటికి పోవలసివచ్చింది.

అక్కడ మూడవ ప్రయత్నంలో విషయసూచిక తెరమీదికి వచ్చింది. మొత్తం పదహారు పాటలు. లోపలి చుట్లలో ఉన్న పెళ్ళిపాటలు, బతుకమ్మ పాటలు తేటగా వచ్చాయి. రామదాసు కీర్తనలు రెండుచోట్ల తడబడినా నిలిచాయి. పదిహేనవ పాటకు సగం రాత్రి పట్టింది. చివరిదైన మంగళహారతి పళ్ళెం అంచున, కాగితం లేచిన చోటనే ఉన్నది. పూత లేని చోట వెలుగు తిరిగిరాదు. ఆ హారతి పల్లవి ఆ ఇంటి కోడలికి వచ్చు. చరణాల కోసం మనుమడు తెల్లవారి ఒక నోటుపుస్తకం పట్టుకొని, నాయనమ్మతో కలిసి పాడిన ముసలమ్మలు ఇంకెవరున్నారా అని వీధిలోకి బయలుదేరాడు.